పెద్ద హోటల్లో మా అత్త పల్లెం

పోయిన ఆదివారం మనవలు నన్ను ఎల్బీనగర్‌లో కారెక్కించి, హయత్‌నగర్ కూడా దాటాక ఉన్న ఒక ఆటల పార్కుకు తీసుకుపోయారు. ఖర్చంటే నాకు గిట్టదని ఇంట్లో అందరికీ తెలుసు. చిరిగిన చీరను ముందు బొంతగా కుట్టి, ఆ బొంత చిరిగితే మసిగుడ్డ చేసి, అది పోగులు పోగులుగా ఊడిపోయేదాకా వదలనిదాన్ని నేను. అలాంటిదాని చేతికి టికెట్టుకు బదులు కాగితపు పట్టీ ఒకటి చుట్టి, నీళ్లలో జారే బండలూ, మనుషుల్ని తలకిందులు చేసే రైళ్లూ చూపించి, మధ్యాహ్నానికి ఆ పార్కులోనే ఉన్న పెద్ద హోటల్లో కూర్చోబెట్టారు. ధరల కాగితం నా చేతికి అందకుండా మనవరాలు ముందే లాక్కుంది. అన్నం బాగానే ఉంది, ఉప్పు తక్కువ. తినడం అయిపోగానే నేను నా పల్లెం, గ్లాసు చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు గానీ నా కళ్లు మాత్రం నీళ్ల నల్లా కోసం వెతుకుతున్నాయి.

"అయ్యో నానమ్మా, ఏం చేస్తున్నవ్? కూసో, వాళ్లే తీస్తరు!" అంటూ మనవరాలు పకపకా నవ్వింది. నల్ల చొక్కా వేసుకున్న ఒక పిల్ల ఎటునుంచో వచ్చి, నా చేతిలో పల్లెం తీసుకుని, నా ముఖమైనా చూడకుండా వెళ్లిపోయింది. అందరూ ఐస్‌క్రీం తెప్పించుకున్నారు. నా ముందున్నది కరిగి నీళ్లయిపోయింది, నేను ముట్టలేదు. పెద్ద హోటల్లో పల్లెం పట్టుకుని అలా లేచి నిలబడ్డ మనిషిని నేను ఇదివరకు ఒకసారి చూశాను. ఆమె మా అత్త. అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలైన చలికాలంలో జరిగింది అది.

ఆ రోజులు చూసినవాళ్లకు దిల్‌సుఖ్‌నగర్ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు రోడ్డు దాటాలంటే ఒక జన్మ కావాలి గానీ, అప్పుడు విజయవాడ రోడ్డు మీద బస్సు దిగితే ఎదురుగా నాలుగు ఇళ్లు, ఆ తర్వాత పొలాలు, ఇంకా ముందుకు పోతే ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్నచోట ద్రాక్ష తోటలు. సరూర్‌నగర్ చెరువు మీదినుంచి వచ్చే గాలికి చలికాలం సాయంత్రాలు పళ్లు కటకటలాడేవి. ఒక పెంకుటింటి వరుసలో మాది చివరి గది, కిరాయికి ఉండేవాళ్లం. పక్క గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది, ఆమె భర్త సర్కారు ఆఫీసులో గుమాస్తా. మా ఆయనది దవాఖానలో కట్లు కట్టే పని. పెళ్లయిన దగ్గరనుంచి ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ ఉద్యోగం ఆ చలికాలంలోనే ఖాయమైంది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, నాకు దవాఖానవాళ్లు ఇచ్చిన ఆర్డరు కాగితంలో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆయన దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకోవడం చూసి సంగతి తెలుసుకున్నాను.

మర్నాడే ఊరికి మనిషిని పంపి మా అత్తను పిలిపించాడు. ఏటా చలికాలంలో పట్నంలో పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్ చూపిస్తానన్నాడు. ఆ తర్వాత పెద్ద హోటల్లో కుర్చీ మీద కూర్చోబెట్టి అన్నం తినిపిస్తానన్నాడు. నేను వద్దన్నాను. రోజూ ఏదో ఒక వీధిలో బందు, ఎక్కడో ఒకచోట రాళ్లు, కాలేజీ పిల్లల ఊరేగింపులు, పోలీసుల లారీలు. అయినా అసలు భయం గొడవలది కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మాది నల్లగొండ దిక్కు పల్లె, ఊరి బయట వాడ. మా మామ తండ్రి కాలంలోనే మావాళ్లు ఏసుప్రభువును నమ్ముకున్నారు, వాడలో చిన్న ప్రార్థన గుడి కూడా ఉంది. అయితే ఊళ్లో హోటలాయనకు అదేమీ పట్టదు, ఆయనకు మేము అంటరానివాళ్లమే. పందిరి కింద బల్లల మీద ఊరివాళ్లు కూర్చుంటే, మాకోసం చూరుకు వేరే గ్లాసులు వేలాడేవి. గ్లాసు మనమే తీసుకుని, కడుక్కుని, నేలమీద పెట్టి వెనక్కి జరిగితే, ఎంతో ఎత్తునుంచి చాయ్ పోసేవారు. సగం గ్లాసులో పడ్డా సగం మట్టిలో పడ్డా అడగడానికి లేదు. గొంతుక్కూర్చుని తాగి, మళ్లీ కడిగి, చూరుకు తగిలించి పోవాలి. నాట్లకు పోయి వస్తూ మా అత్త అలాగే తాగేది. ఆమె కొంగు పట్టుకుని పక్కనే నిలబడ్డ కొడుకు అది చూస్తూ పెరిగాడు. ఉద్యోగం ఖాయమైతే అమ్మను పట్నంలో అన్నిటికంటే పెద్ద హోటల్లో, నలుగురి మధ్య కూర్చోబెట్టాలని పట్టుదల పెంచుకున్నాడు. ఆ పట్టుదల నాకు అర్థమైంది కాబట్టే భయం ఎక్కువైంది. కూర్చున్నచోట ఎవరైనా ఎవరు మీరు, ఏ ఊరు, ఏ వాడ అని అడిగి ఆమెను లేపేస్తే, ఆయన మళ్లీ తల ఎత్తుకుని తిరగలేడని నాకు తెలుసు.

నేను మొండిగా జొన్నరొట్టెలు చేసి, ఎల్లిపాయ కారం పెట్టి, గుడ్డలో మూటకట్టి సంచిలో వేసుకున్నాను. హోటలు కుదరకపోతే ఆకలికి ఉంటాయని అన్నాను. నిజానికి కుదరకూడదనే నా ప్రార్థన.

గేటు దగ్గర పక్కగది అక్క ఆపింది. "ఏవమ్మా, ఊరంతా అట్టుడికిపోతుంటే పెద్దావిణ్ణి వెంటేసుకుని ఎక్కడికి బయల్దేరారు? మా ఆయన్ని ఆఫీసుకే వెళ్లొద్దంటున్నాను నేను. నోరు తెరిస్తే చాలు, మా యాస పట్టేస్తారని హడలి చస్తున్నాం." ఆమె భయం ఆమెది. మా అత్త ఆమె చేయి పట్టుకుని, "ఏం గాదు బిడ్డా, నీ కోసం గూడ పార్తన జేస్త," అని బస్సు వైపు నడిచింది.

నుమాయిష్ గురించి ఎంతైనా చెప్పవచ్చు గానీ ఆ రోజు నేను సరిగా చూసిందేమీ లేదు. బావిలో మోటారు సైకిలు తిప్పేవాణ్ణి చూసి మా అత్త వాడి తల్లిని తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్ద రంగులరాట్నం ఎక్కించి, పైకి పోయాక పట్నమంతా కనిపిస్తుంది చూడమంటే, ఎక్కిన దగ్గరనుంచి దిగేదాకా కళ్లు మూసుకునే ఉంది. టికెట్ దండగైందని నేను గొణిగాను. "కండ్లు మూసుకుంటె గూడ తిరుగుతనే ఉంటది గద," అంది. గాజుల దుకాణాలు, చీరల దుకాణాలు, కశ్మీరు శాలువాలు అన్నీ దాటుకుంటూ పోతూ, ఎక్కడ ఇద్దరు గట్టిగా మాట్లాడినా గొడవేమోనని ఉలిక్కిపడుతూ, ఎండ వాలేసరికి బయటపడ్డాము. ఇంటికి పోదామన్నాను. ఆయన వినలేదు, అబిడ్స్ వైపు దారి తీశాడు.

ఆ హోటలు పేరు అనవసరం, ఇప్పుడు లేదు. గోడలకు నిలువుటద్దాలు, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, తలపాగా చుట్టుకుని నడుముకు ఎర్రపట్టీ కట్టుకున్న బేరర్లు. ఆడవాళ్లతో వచ్చినవాళ్లకోసం పక్కగా తెరలు కట్టిన చిన్న గదులు ఉండేవి, మీకు గుర్తుండే ఉంటుంది. లోపల కూర్చుని తెర వేసుకుంటే ఎవరి కంటా పడే పనిలేదు. నేను గబగబా అటు నడిచాను. ఆయన నా చేయి పట్టి ఆపి, హాలు నడిమధ్యన, పంకా కిందున్న బల్ల దగ్గరికి తల్లిని తీసుకుపోయి కుర్చీ వెనక్కి లాగాడు. ఆమె ముందు కుర్చీని కొంగుతో తుడిచింది, ఆ తర్వాత అంచుమీద, పిచ్చుక వాలినట్టు కూర్చుంది. అద్దాల్లో ఎటు చూసినా మేమే. గళ్ల చీరలో మా అత్త, పాదాలు కుర్చీ కిందికి దాచుకున్న నేను.

ఆర్డరు ఒక పెద్దాయన తీసుకుని పోయాడు. బల్లమీద ముందుగా రొట్టె ముక్కలు, పచ్చడి పెట్టగానే మా అత్త చేతులు జోడించి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ప్రార్థన ఇంట్లోనే చాలా పొడుగు. వాడలో జబ్బుపడ్డవాళ్లు, పాస్టరుగారి భార్య, చూలుతో ఉన్న మేక, ఎవరినీ వదలదు. పైగా మనసులో చేసుకోవడం ఆమెకు రాదు. పక్కబల్లవాళ్లు తినడం ఆపి మావైపు చూశారు. నేను మా ఆయన మోకాలు తట్టాను, ఆపమనమని. ఆయన నావైపు చూడటం లేదు. మా బల్ల పక్కన నీళ్ల జగ్గు పట్టుకుని నిలబడ్డ వేరే బేరర్‌ను చూస్తున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది.

"గాయన మన ఊరి హోటలాయన కొడుకు," అన్నాడు నాకు మాత్రమే వినపడేలా.

నేను కాపురానికి పోయేసరికి వాడలోవాళ్లకు చాయ్ పోసేది ఆ కొడుకే. తండ్రితో పడక పట్నం పారిపోయాడని విన్నాము గానీ, ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? ఆయనకు మా ఆయన ఈడే ఉంటుంది. కళ్లు మూసుకున్న మా అత్తను చూశాడు, మా ఆయనను చూశాడు. మేము ఎవరమో తెలిసినవాడు ఆ పట్నం మొత్తంలో ఒక్కడుంటే, వాడే వచ్చి మా బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆ తర్వాత జగ్గు ఎత్తి గ్లాసుల్లో నీళ్లు పోశాడు. ఎప్పటిలాగే, ఎత్తునుంచి. నీళ్లు చింది తెల్లగుడ్డంతా తడిసింది. అది చూసుకుని ఆయన చేయి కిందికి దించాడు, జగ్గును గ్లాసు అంచుకు ఆనించి మిగతాది నింపాడు. వెనక్కి తిరిగి గల్లాపెట్టె దగ్గరికి పోయి, అక్కడ కూర్చున్న సేటు చెవిలో ఏదో చెప్పాడు. సేటు తలెత్తి హాలంతా చూసి, కుర్చీలోంచి లేచి మావైపే రాసాగాడు.

లేపేస్తాడనే అనుకున్నాను. సంచి చేతిలోకి తీసుకున్నాను. మా ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు, లేపితే బల్లతో సహా లేస్తానన్నట్టు. సేటు మమ్మల్ని దాటిపోయి వాకిలి ఇనుప షట్టరు సగానికి లాగాడు. వీధి చివర ఊరేగింపు వస్తోందట, బేరర్ చెప్పింది అదేనట. కాసేపటికి నినాదాలు మాదాకా వినిపించాయి, ఎక్కడో గాజు పగిలిన చప్పుడైంది, షట్టరు పూర్తిగా కిందికి దిగింది. ఇక పోదామన్నా దారి లేదు. లోపల మేము, ఆ మనిషి.

మా అత్త ఆమెన్ చెప్పి కళ్లు తెరిచేసరికి ఆ బేరర్ బిర్యానీ పళ్లెరం పట్టుకుని ఎదురుగా ఉన్నాడు. ఆమె ఆయనను అలాగే చూసింది. మా ఆయన గొంతు సవరించాడు, నేను ఆమె కాలు తొక్కాను. ఆమె ముఖం విచ్చుకుంది.

"నువ్వు మా ఊరి హోటలు కాడి పిలగానివి గాదు? మీ అవ్వ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయి బిడ్డా?"

"జర మంచిగనే ఉన్నదంట," అన్నాడు ఆయన చూపు బల్లమీదినుంచి ఎత్తకుండా. వంగి వడ్డించడం మొదలుపెట్టాడు. నేను ఆయన ముఖం చూడలేదు, చేతిలో గరిటెనే చూస్తున్నాను. అది ఎంత పైన ఆగుతుందా అని. కిందికి దిగింది, ఇంకా కిందికి దిగింది, మా అత్త పింగాణీ పల్లెం అంచుకు తగిలి టిక్కుమంది. అన్నం తింటున్నంతసేపూ ఆ చప్పుడు నా చెవిలోనే ఉంది. ఏం తిన్నామో, రుచి ఎలా ఉందో నాకు తెలియదు. ఆఖర్న ఖుబానీ కా మీఠా కూడా పెట్టారు గానీ, అది తియ్యగా ఉందని మాత్రమే చెప్పగలను. మా అత్త పిట్ట తిన్నట్టు తింది.

బయట సద్దు కాస్త తగ్గింది. షట్టరు మోకాలి ఎత్తున లేపి, ఒక్కొక్కరినీ పొమ్మంటున్నారు. అందరూ హడావుడిగా లేస్తుంటే మా అత్త కూడా లేచింది. లేచి, తన పల్లెం, తన గ్లాసు రెండు చేతుల్లోకి తీసుకుంది. మా పెళ్లిళ్లలో, గుడిలో ప్రేమవిందుల్లో ఎవరి పల్లెం వారు కడుక్కోవడం మామూలే, అందులో చిన్నతనం లేదు. అయితే ఆ హాల్లో పింగాణీ పల్లెం పట్టుకుని నల్లా కోసం చూస్తున్న ఆమెను చూసి పక్కబల్లవాళ్లు ముసిముసిగా నవ్వారు. గల్లాపెట్టె దగ్గరినుంచి సేటు, "అరే, ఏందిరా ఆడ?" అని కేకేశాడు. మా ఆయన అంతసేపూ ఆమెను ఎవరో లేపేస్తారని కాచుకుని కూర్చున్నాడు. ఆమె తనకు తానుగా అలా లేస్తుందని అనుకోలేదు.

బేరర్ వచ్చి పల్లెం అవతలి అంచు పట్టుకున్నాడు.

"ఈడ వెట్టు, పెద్దమ్మా."

"వద్దు బిడ్డా, మంచిగుండదు. నల్లా ఏడున్నదో జెప్పు, కడిగిస్త."

"నేను తీస్త, ఇడువు."

ఆమె వదల్లేదు. ఆయనా వదల్లేదు. ఇద్దరి మధ్యా ఆ ఎంగిలి పల్లెం అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆయన వంగి, మాకు తప్ప ఎవరికీ వినబడకుండా, "సేటు సూస్తుండు పెద్దమ్మా. నా నౌకరి పోతది," అన్నాడు.

ఆ మాట వినగానే నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసింది. ఆయన ఆ పల్లేన్ని తీసుకుపోయి, వేరే బల్లలనుంచి తెచ్చిన పల్లేల మీద పెట్టి, దానిమీద ఇంకో రెండు పెట్టుకుని, ఆ కట్టనంతా గుండెకు ఆనించుకుని లోపలికి పోయాడు. ఏది ఎవరిదో ఇక తెలిసే వీలు లేదు.

బస్సులు లేవు. కోఠీ మీదుగా, చాదర్‌ఘాట్ వంతెన దాటి నడిచాము. రోడ్డుమీద రాళ్లు, గాజుపెంకులు, ఎవరివో ఊడిపోయిన చెప్పులు. పోలీసుల లారీ వస్తే గోడ పక్కకు ఒదిగి, పోయాక మళ్లీ నడిచి, మలక్‌పేట దగ్గర మా అత్త ఒక అరుగుమీద కూలబడి, "సంచిల రొట్టెలున్నయి గద, తియ్యి," అంది. ముగ్గురం అక్కడే కూర్చుని జొన్నరొట్టెలు తిన్నాము. "ఇగ ఇప్పుడు కడుపు నిండినట్టున్నది," అంది ఆమె. అంత ఖర్చు ఏట్లో పోసినట్టయిందని నేను అనబోయి, మా ఆయన ముఖం చూసి మానుకున్నాను. ఆయన వెలిగిపోతున్నాడు.

"రేపు ఊళ్లె అందరికి జెప్పాలె అవ్వా. హోటలాయన కొడుకు నీకు వంగి వడ్డించిండని, నీ పల్లెం ఎత్తిండని జెప్పాలె."

ఆమె చేతిలోని రొట్టె ముక్క కిందికి దించింది. "ఎవ్వలకు జెప్పద్దు."

"ఎందుకు?"

"నా ఎంగిలి ఎత్తిండని తెలిస్తె ఆళ్లయ్య ఆ పిలగాన్ని గడప ఎక్కనిస్తడా? రేపు ఆళ్లవ్వను సూసుకోను ఊరికి రావాలె గద. నా మీద ఆన, ఎవ్వలకు జెప్పద్దు."

ఆయన అక్కడినుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. చిన్నప్పటినుంచి దాచుకున్న కోరిక తీరింది, తీరిందని చెప్పుకోవడానికి మాత్రం లేకుండా పోయింది. గేటు దగ్గర పక్కగది అక్క భర్తకోసం చూస్తూ నిలబడి ఉంది. మా అత్త రోడ్డుమీదే ఆగి, ఆమె చేయి పట్టుకుని మళ్లీ ప్రార్థన మొదలుపెట్టింది. ఆ మనిషి సైకిలు మీద క్షేమంగా వచ్చేదాకా ఇద్దరూ లోపలికి రాలేదు.

మా అత్త చనిపోయేదాకా ఊళ్లో ఆ మాట ఎత్తలేదు. మా ఆయనా ఎత్తలేదు, ఇప్పుడు ఆయనా లేడు. చూరుకు వేలాడే గ్లాసులు ఒకనాడు మాయమయ్యాయి, ఆ తర్వాత హోటలే మాయమైంది. ఆ బేరర్ ఏమయ్యాడో నాకు తెలియదు. ఇప్పుడు ఎవరి గడపకూ చేటు లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆటల పార్కులో నా పల్లెం తీసుకుపోయిన పిల్ల నన్ను ఏ ఊరు అని అడగలేదు. మనవరాలికి ఇది మామూలు, అలాగే ఉండాలి, నేను సంతోషించాలి. సంతోషంగానే ఉంది. కానీ ఆ పిల్లకు నేనెవరో తెలియదు. తెలిస్తే ఎత్తేదా, ఎత్తకపోయేదా, అది నాకు ఎప్పటికీ తెలియదు. ఆ రోజు ఆ మనిషికి అది ఎవరి ఎంగిలో తెలుసు. కళ్లు తెరిచి, సేటుకు భయపడో, పెద్దమ్మ మీద గౌరవంతోనో, రెండూ కలిసో, తెలిసే ఎత్తాడు. ఇంటికొచ్చాక మనవరాలు నిద్రపోతున్నావా నానమ్మా అని అడిగింది. లేదమ్మా, చేతికి కట్టిన ఈ పట్టీ చిరగకుండా ఎలా విప్పాలో చూస్తున్నానని చెప్పాను.